మిరపకాయ స్టేజీ

జనవరి 19, 2025. ఆదివారం

నడుం విరిగిపోతోంది. అయినా ఇవాళ్టివి ఇవాళే రాసుకోకపోతే ఎడిటింగ్‌లో ఏది ముందో ఏది వెనకో మర్చిపోతాను.

పొద్దున్నే ఆరింటికి నా ఆల్టోలో నేనూ నస్రతూ గుంటూరులో బయల్దేరాం. కెమెరా దానిది. పెళ్ళిళ్ళ సీజన్‌లో పెళ్ళి వీడియోలు తీస్తుంది, లేనప్పుడు నాతో తిరుగుతుంది. డిగ్రీ నుంచీ ఇంతే, నేను మాట్లాడాలి, అది చూడాలి. ‘కాస్త ఆపండి’ ఛానల్‌ పెట్టి ఎనిమిది నెలలైంది. రోడ్ల పక్కన కనపడే వింతలు చూపించడం మా పని. చూసేవాళ్ళు మాత్రం మా చుట్టాలూ, నస్రత్‌ వాళ్ళ చుట్టాలూ. స్కూల్లో టీచరు ఉద్యోగం మానేస్తానన్నప్పుడు కోటేష్‌ ‘సరే, ఒక ఏడాది చూడు’ అన్నాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మొగుడు ఎత్తకపోతే ఇంకా బరువు.

మొదట చిలకలూరిపేట దగ్గర ఒక జిన్నింగ్‌ మిల్లు ఎదురుగా బుడాన్‌ అనే పంక్చర్ల ఆయన లారీ టైర్లతో చేసిన ఏనుగు. తొండం సైకిల్‌ ట్యూబు. ‘ఎందుకు చేశారండీ’ అంటే ‘బేరం లేనప్పుడు చేతులు ఊరుకోవమ్మా’ అన్నాడు. అక్కడ్నుంచి నరసరావుపేట అవతల పత్తి చేలో సూటూ టై కట్టిన దిష్టిబొమ్మ. ఎవరీయన అనడిగితే ఆ రైతు ‘మా బ్యాంకు మేనేజరు, పిట్టలేం ఖర్మ, నేనే భయపడతా’ అన్నాడు. రెండూ బాగానే వచ్చాయి. బాగానే అంటే రెండొందల మంది చూస్తారు.

అసలుది వినుకొండ రోడ్డులో దొరికింది. ఇరవై అడుగుల సిమెంటు మిరపకాయ! రోడ్డు అంచున, ఎర్రగా, ఆకాశంలోకి తొడిమ పెట్టుకుని నిలబడి ఉంది. కట్టింది అంకమ్మరావు అని అరవై దాటిన రైతు. ఎవరి సాయమూ లేకుండా ఏడాది పాటు కట్టాడట. మనిషి మాట్లాడటం మొదలుపెడితే ఆపడు. సిమెంటు పాళ్ళు, చువ్వల మందం, తొడిమ మూడుసార్లు విరగడం, బస్సుల గురించి ఏదో చాలాసేపు. ఆయన భార్య వెంకటేశ్వరమ్మ గారు మంచం మీద కూర్చునే మజ్జిగ ఇప్పించింది. ఎడమ చేతికి కట్టు ఉంది.

కాయ వెనక ఇనప మెట్లున్నాయి. ‘ఎక్కొద్దమ్మాయ్‌, అయ్యి రంగేసేదానికి పెట్టినయ్యి, గట్టియి కావు’ అన్నాడు. ఎక్కాను. పైనుంచి చెయ్యూపుతూ ‘మీరూ వచ్చెయ్యండి, ఎక్కెయ్యండి’ అన్నాను. షాట్‌ అదిరింది.

జనవరి 22

ఎడిటింగ్‌ నేనే చేశాను. నలభై నిమిషాల సరుకుని ఆరు నిమిషాలకి తెచ్చాను. తొడిమ విరిగినట్టు ఆయన చేతులు తిప్పి చూపించే చోట కామెడీ మ్యూజిక్‌ పెట్టాను. ‘మా ఆవిడ కూడా మొదట పిచ్చోడివే అంది’ అని ఆయన నవ్విన ముక్కని మూడుసార్లు రిపీట్‌ చేశాను. పేరు ‘మిరపకాయ పిచ్చోడు’.

నస్రత్‌ చూసింది. ‘బస్సుల ముక్క ఏదే?’ అంది.

‘తీసేశాను. అక్కడ బోరు కొడుతుంది.’

‘అది తీసేస్తే ఆయన నిజంగానే పిచ్చోడిలా ఉన్నాడు రమ్యా.’

బస్సుల ముక్క ఇదీ. వాళ్ళ ఇల్లు రోడ్డు పక్కనే అయినా ఊరు అర కిలోమీటరు లోపల. రోడ్డు మీద ఊరి గుర్తు ఏదీ లేదు. చెట్లు కూడా ఒకేలాంటివి వరసగా ఉంటాయి. వెంకటేశ్వరమ్మ గారికి కిడ్నీలు పోయాయి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి నరసరావుపేట వెళ్ళాలి. స్టేజీ రెండు కిలోమీటర్ల అవతల. అంత దూరం ఆవిడ నడవలేదు. చెయ్యెత్తితే బస్సు ఆగదు, తిరుగు ప్రయాణంలో ‘మా ఊరి కాడ ఆపయ్యా’ అంటే ‘ఏ ఊరు, ఎక్కడ’ అంటారు. అందుకని ఆయన కనపడేదేదో ఒకటి కట్టాలనుకున్నాడు. తెలిసిన పంట మిరప కాబట్టి మిరపకాయ కట్టాడు. కట్టిన నెలకి కండక్టర్లే ‘మిరపకాయ కాడ దిగేవాళ్ళు లేవండి’ అనడం మొదలుపెట్టారట. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. నిజమే. కానీ నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాలు ఎవరు చూస్తారు?

నస్రత్‌తో ఇదే అన్నాను. ‘నేను ఒక్క అబద్ధం కూడా పెట్టలేదు కదే. అన్నీ ఆయన అన్న మాటలే.’

‘అవును. అన్నీ ఆయన మాటలే’ అని కెమెరా బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

దానికి పెళ్ళిళ్ళ వీడియోలున్నాయి. నాకు ఇదొక్కటే ఉంది.

జనవరి 24

పెట్టేశాను. నేనేం అబద్ధం చెప్పలేదు.

జనవరి 25

పదకొండు వేలు!!

జనవరి 27

మూడు లక్షలు. కోటేష్‌ ఆఫీసులో వాళ్ళ సూపర్‌వైజరు చూపించాడట. ఇంటికొచ్చి ‘ఆ పిచ్చోడి ముక్క మళ్ళీ పెట్టు’ అని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

నస్రత్‌ ఫోన్‌ ఎత్తలేదు.

ఫిబ్రవరి 2. ఆదివారం

పద్నాలుగు లక్షలు. బ్రాడీపేటలో కూరలు కొంటుంటే ఒకమ్మాయి సెల్ఫీ అడిగింది. ‘మిరపకాయ అక్క’ అంది.

ఫిబ్రవరి 9

జనం వెళ్తున్నారు. బైకుల మీద, కార్లలో, ఒంగోలు నుంచి కూడా. కాయ ఎక్కి ఫొటోలు దిగి నన్ను ట్యాగ్‌ చేస్తున్నారు. ఒక వీడియోలో నలుగురు కుర్రాళ్ళు పక్కనున్న కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద డాన్స్‌ చేస్తున్నారు. ఆ కల్లం ఎవరిదో తెలీదు. ఆ చుట్టుపక్కల ఎవరిదైనా కావచ్చు. అన్నిటితోపాటు దానికీ లైక్‌ కొట్టాను.

ఫిబ్రవరి 10

అంకమ్మరావు గారు ఫోన్‌ చేశారు. ఆ రోజు నేనే నంబరిచ్చాను.

‘అమ్మాయ్‌, జనం శానా మంది వస్తున్నారమ్మా. రావటం సంతోషమే. కాయ మాత్రం ఎక్కుతున్నారు. నేను చేలో ఉంటే ఇంటిది ఒక్కతే గదా, మంచంలోంచి అరిచినా ఎవరూ వినటంల్లేదు. ఎక్కొద్దని నీ వీడియోలో ఒక మాట చెప్పు తల్లీ. నువ్వు చెబితే వింటారు.’

‘తప్పకుండానండీ. ఇవాళే పెడతాను’ అన్నాను.

వీడియో కింద అందరికీ పైన కనపడేలా ఒక కామెంట్‌ పెడితే చాలు. రెండు నిమిషాల పని.

ఆయన పిచ్చోడు అన్న మాట ఎత్తనే లేదు. చూసి ఉండడు.

ఫిబ్రవరి 11

కామెంట్‌ పెట్టాలి. ‘ఎక్కవద్దు’ అని పెడితే, మరి మీరెందుకు ఎక్కారు అంటారు. ఎలా రాయాలో ఆలోచించాలి.

ఫిబ్రవరి 13

వేటపాలెం వెళ్ళాను. జీడిపప్పు కొట్టు ముందు మనిషంత జీడిగింజ, దానికి మీసాలు. అద్దెకి తెచ్చుకున్న కెమెరా కుర్రాడికి ఎక్కడ నిలబడాలో కూడా తెలీదు. నస్రత్‌ ఉంటే చెప్పక్కర్లేకుండానే నా ఎడమ పక్కకి వచ్చేది.

కామెంట్‌ రేపు.

ఫిబ్రవరి 15

ఇవాళ కూడా కుదర్లేదు.

(కుదరకపోవడం ఏమీ లేదు. జీడిగింజ వీడియోకి ఎన్ని వ్యూస్‌ వచ్చాయో చూస్తూ కూర్చున్నాను.)

ఫిబ్రవరి 17. సోమవారం

నస్రత్‌ మెసేజ్‌ పెట్టింది. ఇరవై ఆరు రోజుల తర్వాత. పేపరు జిల్లా పేజీలో చిన్న వార్త ఫొటో, అంతే. మాటల్లేవు.

నిన్న మధ్యాహ్నం మిరపకాయ మీద నుంచి ఒక కుర్రాడు పడ్డాడు. చైతన్యకృష్ణ, ఇరవై ఏళ్ళు, డిగ్రీ రెండో ఏడాది. మెట్టు ఊడొచ్చింది. తుంటి ఎముకా, కుడి మణికట్టూ విరిగాయి. ప్రాణానికి ప్రమాదం లేదు. ప్రాణానికి ప్రమాదం లేదు అని రాసి ఉంది.

పదీ నలభైకి కామెంట్‌ పెట్టాను. ‘దయచేసి ఎవరూ ఎక్కవద్దు.’ రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఫిబ్రవరి 18

నేను తోయలేదు.

ఫిబ్రవరి 19

కోటేష్‌ అన్నాడు, ‘ఎవరు ఎక్కమన్నారు వాడిని?’

నేనే అన్నాను అని చెప్పలేదు. ఆయనకీ తెలుసు. ఆ షాట్‌ చూసే కదా అంత నవ్వాడు.

ఫిబ్రవరి 21

కనుక్కుని ఆస్పత్రికి ఫోన్‌ చేశాను. వాళ్ళమ్మ ఎత్తింది. ‘ఎవరండీ మాట్లాడేది? వాడికి తెలిసినవాళ్ళా? వాడు పడుకున్నాడమ్మా, లేచాక చెప్పనా?’ అని ఎంతో మర్యాదగా అంటోంది. పెట్టేశాను.

ఫిబ్రవరి 26

నస్రత్‌ ఇంకో ఫొటో పంపింది. ఈసారి ఒక్క మాట ఉంది. ‘కొట్టేశారు.’

కుర్రాడు పడ్డాక ఆఫీసర్లు వచ్చి కొలతలు తీసుకున్నారట. కాయ సగం రోడ్డు మార్జిన్‌లో ఉంది, అనుమతి లేదు, వారంలో తీసెయ్యాలన్నారట. వాళ్ళ తప్పేముంది. ఫొటోలో మిరపకాయ పక్కకి పడి ఉంది, మూడు ముక్కలుగా. తొడిమ దగ్గర గడ్డపలుగు పట్టుకుని వెనక్కి తిరిగి నిలబడ్డ మనిషి అంకమ్మరావు గారే. పొక్లెయిన్‌ వాడు కొడితే చువ్వలు పాడైపోతాయని ఆయనే కొట్టుకున్నాడని తర్వాత చెప్పింది నస్రత్‌.

‘నువ్వెళ్ళావా’ అనడిగాను.

‘రెండోసారి.’

‘నన్నేమన్నా అన్నారా?’

‘నీ ఊసు రాలేదు’ అంది. అంతకన్నా ఏమన్నా అని ఉంటే బావుండేది.

మార్చి 1

వీడియో తీసేశాను. ఇరవై ఒక్క లక్షల మంది చూశాక. ఇప్పుడు వేరేవాళ్ళ ఛానళ్ళలో ముక్కలుగా తిరుగుతోంది. ‘మిరపకాయ పిచ్చోడు’ అనే పేరుతోనే. నేను పెట్టిన పేరు.

మార్చి 4

బస్సుల ముక్క బయటికి తీశాను. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. మ్యూజిక్‌ లేకుండా, ఏం కత్తిరించకుండా పెట్టాను. మొదట్లో నేను కనపడి తప్పు నాది అని చెప్పాను. కెమెరా ముందు ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను. కత్తిరించలేదు.

మార్చి 6

తొమ్మిది వందల మంది. కామెంట్లు పదమూడు. మొదటిది ‘ఓవరాక్షన్‌ అక్కా’.

మార్చి 9. ఆదివారం

వెళ్ళాను. ఒక్కదాన్నే.

మిరపకాయ కనపడకపోవడంతో ఊరు దాటిపోయి మళ్ళీ వెనక్కి తిరిగొచ్చాను. అంత చక్కగా తెలిసిన దారి. చివరికి గడ్డిలో ఎర్ర పెళ్ళలు చూసి గుర్తుపట్టాను. కారు దిగగానే ఘాటుకి దగ్గొచ్చింది. కల్లం నిండా కాయలు. అంకమ్మరావు గారూ, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ ముక్కులకి గుడ్డలు కట్టుకుని తెల్లబడ్డ తాలు కాయలు ఏరుతున్నారు. రోడ్డు వైపు మూలన కాయలు నుజ్జయి, గింజలు బయటికొచ్చి, విడిగా చిన్న కుప్ప ఉంది. అవేమిటని అడగలేదు.

ఆయన గుడ్డ తీసి, ‘ఎండన పడొచ్చావు, ఆ నీడకి రామ్మా’ అన్నారు.

దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ పోయాయి. ‘క్షమించండి’ అని మాత్రం వచ్చింది.

‘దేనికి?’ అన్నారు. వెటకారం కాదు. నిజంగానే అడిగారు. ‘పిచ్చోడన్నందుకా? మా వాళ్ళు చూపిచ్చారులే. మిర్చి యార్డుకి పోతే గుమాస్తా కూడా ఏం మిరపకాయ పిచ్చోడా అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. కాస్త ఆలస్యంగా వచ్చిందనుకో.’

నేను నీడలోకి జరిగాను.

‘ఆ పిల్లోడు లేచి కూర్చున్నాడంట. నేను పోయొచ్చాను మొన్న. వాళ్ళమ్మ నన్ను తిడతదేమోనని వాకిట్లోనే నిలబడ్డా. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది’ అని, ‘నువ్వు పాపం చెప్పనే చెప్పావు గదా ఎక్కొద్దని. ఆ ఫోన్లో చూసుకోవటం నాకు రాదు గానీ, నువ్వు పెడతానన్నావు గదా. అట్టా చెప్పినా ఎక్కాడంటే నువ్వేం చేస్తావు?’ అన్నారు.

ఆయన అలా నమ్ముకుని ఉన్నారు. నేను తలూపి ఊరుకుంటే సరిపోయేది. తలూపబోయాను కూడా. ఆ సంగతి ఇక్కడ రాసుకోవాలి.

‘పెట్టలేదండీ’ అన్నాను. ‘మీరు ఫోన్‌ చేశాక వారం రోజులు పెట్టలేదు. పడ్డాక పెట్టాను.’

ఏరుతున్న ఆడవాళ్ళ చేతులు ఆగాయి. ఆయన చేతిలో కాయ అటూ ఇటూ తిప్పి చూసి, తాలు కుప్పలో వేశారు.

‘సరేలే. పెట్టినా ఆగేవాళ్ళు కాదు.’

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చేద్దామనిపించింది.

పంచలో మంచం మీద నుంచి వెంకటేశ్వరమ్మ గారు అన్నారు, ‘ఆగేవాళ్ళో కాదో పెడితే గదా తెలిసేది.’

అంతే అన్నారు. గొంతు కూడా పెద్దగా లేదు. ఇప్పుడు ఆస్పత్రికి ఎలా వెళ్తున్నారని అడిగాను. ‘చెయ్యెత్తుతున్నాం. ఆపినోడు ఆపుతున్నాడు’ అన్నారు ఆయన. మంగళవారం, శుక్రవారం. శుక్రవారం నేను కారు తీసుకొస్తానన్నాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకున్నారు.

మార్చి 11

కోటేష్‌కి మొత్తం చెప్పాను, ఫోన్‌ సంగతితో సహా. ‘నేనూ నవ్వాను కదా’ అన్నాడు.

స్కూల్లో మళ్ళీ జూన్‌ నుంచి తీసుకుంటారేమో అడగాలి.

మార్చి 14. శుక్రవారం

ఆరున్నరకల్లా వెళ్ళాను. ఇద్దరూ అప్పటికే రోడ్డు మీద ఉన్నారు. ఆవిడ ప్లాస్టిక్‌ కుర్చీలో, ఆయన పక్కన గొడుగు పట్టుకుని. మొండి చువ్వలు ఎవరికీ గుచ్చుకోకుండా గోనె సంచి చుట్టి ఉంది.

కారు వెనక తలుపు తీశాను. ఆయన భార్య వైపు చూశారు.

‘మేం బస్సుకే పోతామమ్మా’ అన్నారు ఆవిడ.

‘ఎండెక్కుతుందండీ. గంటలో దింపేస్తాను.’

‘ఇవాళ దింపుతావు. మంగళవారం?’

‘మంగళవారం కూడా వస్తాను.’

‘పై మంగళవారం?’

‘వస్తాను’ అనడానికి నోరు తెరిచాను. ‘పెడతాను’ అన్నప్పుడు కూడా ఇంతే తేలిగ్గా తెరిచాను కదా. మూసుకున్నాను.

కారు పక్కకి తీసిపెట్టి వాళ్ళ దగ్గర నిలబడ్డాను. మొదటి బస్సు ఆగలేదు. ఆయనతో పాటు నేనూ చెయ్యెత్తాను. డ్రైవరు ముందు స్టేజీలో ఎక్కమన్నట్టు చెయ్యి చూపించి వెళ్ళిపోయాడు. పత్తి లారీలు వెళ్ళాయి, దుమ్ము కళ్ళల్లో పడింది. ఆవిడ చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని దగ్గారు. రెండో బస్సు ఎక్స్‌ప్రెస్‌, కనీసం వేగం తగ్గలేదు. ముప్పావు గంట. కాళ్ళు పీకుతున్నాయి. వారానికి రెండు రోజులు.

మూడోది పల్లెవెలుగు. మమ్మల్ని దాటి వెళ్ళి, యాభై గజాల అవతల ఆగింది. అంకమ్మరావు గారు కుర్చీ వదిలేసి ఆవిడని రెండు చేతులా ఎత్తుకుని పరిగెత్తారు. అరవై దాటిన మనిషి. పడిపోతారేమోనని వెనక నేను. కండక్టరు ‘తొందరగా తొందరగా’ అని అరుస్తూనే దిగొచ్చి ఆవిడ రెండో భుజం పట్టుకున్నాడు. ఎక్కించారు.

అప్పుడు చూసుకుంటే ఆవిడ సంచి కుర్చీ దగ్గరే ఉంది. ఆస్పత్రి కాయితాలు, టిఫిన్‌ డబ్బా, దుప్పటి. వెనక్కి పరిగెత్తి తెచ్చేసరికి బస్సు కదలబోతోంది. కిటికీలోంచి అందించాను. ఆవిడ అందుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. నా వైపు మొదటిసారి సరిగ్గా చూశారు.

‘నీ పేరేందమ్మాయ్‌?’

ఇరవై ఒక్క లక్షల మందికి ఆవిడ మొగుడి పేరు మార్చి చెప్పాను. నా పేరు ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.

‘శ్రీరమ్య’ అన్నాను. ఇంజను చప్పుడులో విన్నారో లేదో. బస్సు వెళ్ళిపోయింది.

కుర్చీ తీసుకెళ్ళి పంచలో పెట్టి వచ్చాను.

మంగళవారం వెళ్తాను. కారు తీయను, గుంటూరు నుంచి బస్సులోనే వెళ్తాను. ఎక్కడ దిగాలమ్మా అని కండక్టరు అడిగితే ఏం చెప్పాలో ఇప్పటికి తెలీదు.